అమ్మకొచ్చిన సీటు

“నువ్వు వాడికి తల్లివా, పోటీదారువా? ముందది తేల్చు.”

వదిన ఆ మాట అంటూ గరిటెని గిన్నె అంచుకేసి టకటకా కొట్టింది. ఆవిడకి కోపం వచ్చిందంటే వంటింట్లో ఏదో ఒకటి మోగి తీరాలి.

టీచరమ్మ తన భర్త అక్కగారైన వదినని దాటుకుని ముందుకి నడిచింది. వెనకగది గుమ్మం ముందు రాత్రి పెట్టిన పళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. దాన్ని తీసి, టీ, రొట్టె ఉన్న పళ్లెం అక్కడ పెట్టింది. తలుపు మీద ఒక్కసారి వేలితో తట్టింది. లోపల మంచం కిర్రుమంది.

“ముట్టలేదు కదూ?” వదిన గొంతులో బాధా, గెలిచిన సంబరమూ కలిసిపోయాయి. “ముట్టడు. ఎలా ముడతాడు? కన్నతల్లే అడ్డంగా కూర్చుంటే వాడికి గొంతు దిగుతుందా?”

“నేనెక్కడ అడ్డంగా కూర్చున్నాను వదినా? సీటు నాకొచ్చింది. వచ్చినచోట కూర్చున్నాను.”

“తప్పుకోమని వాడు నోరు తెరిచి అడిగాడు.”

“తప్పుకోనని నేనూ నోరు తెరిచే చెప్పాను.”

గరిటె మళ్లీ మోగింది.

నిన్న సాయంత్రం కొడుకు సెమినరీ నుంచి వచ్చి ఆ మాట అడిగిన దగ్గర్నుంచీ ఇల్లు ఇలాగే ఉంది. చాలా ఏళ్లు బడిలో సైన్సు పాఠాలు చెప్పి, ఆ పిలుపే పేరుగా మిగిలిపోయిన టీచరమ్మ ఇప్పుడు దైవశాస్త్ర కళాశాలలో డాక్టరేటు చేస్తోంది. కొడుకు అదే కళాశాలలో ఫాదర్ కావడానికి చదువుతున్నాడు. అక్కడినుంచి ఏటా ఒకరిని విదేశంలో ఉన్న మరో కళాశాలకి పంపుతారు. అక్కణ్ణుంచి ఒకరు ఇక్కడికొస్తారు. ఈ ఏటి సీటు తల్లికి దక్కింది. ఆమె తర్వాతి పేరు కొడుకుది. ఆమె వద్దంటే వాడు వెళ్తాడు. ఆ సంగతి ఈ మధ్యాహ్నం డీన్ ఫాదర్ గదిలో తేలాలి.

“శుభోదయము. కలహము ఇంకనూ సమసిపోలేదా?”

పొడుగు సిస్టరు గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికొచ్చింది. ఈ ఏడు అక్కణ్ణుంచి వచ్చిన డాక్టరేటు విద్యార్థిని ఆమే. ఎవరు వెళ్తే వాళ్లింట్లో వచ్చినవాళ్లు ఉండాలన్నది రెండు కళాశాలల ఒప్పందం. తెలుగంతా ఓ పాత ప్రార్థన పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకుంది. ఉప్పు అడిగినా స్తోత్రం చదివినట్టే ఉంటుంది.

వదిన కోపంలో కూడా నవ్వొచ్చి మొహం పక్కకి తిప్పుకుంది. వెంటనే సర్దుకుంది.

“ఎక్కడ సమసిపోతుంది సిస్టరూ? మీరొచ్చి మీ దేశం గురించి చెప్పిన దగ్గర్నుంచీ ఈవిడ కాలు ఇంట్లో నిలవట్లేదు.”

“నేను మీకు భారముగా ఉన్నానా?”

“అయ్యో, మీరు భారమేంటి? ఈ ఇంట్లో అడక్కుండా అంట్లు తోమేది మీరొక్కరే.”

టీచరమ్మ వాళ్లిద్దరినీ దాటి ముందుగదిలోకి వెళ్లింది.

ముందుగదే భర్త కొట్టు. కత్తిరించే బల్ల, గోడకి వేలాడుతున్న టేపులు, డబ్బా నిండా చిన్న నల్లటి బొత్తాలు. ఫాదర్లకీ, ఫాదర్ చదువులో ఉన్న బ్రదర్లకీ అంగీలు కుట్టడంలో ఆయన చేతికి పేరుంది. ఆ వేళ మిషన్ మీద తెల్లగుడ్డ పరుచుకుని ఉంది. ఫాదర్ కావడానికి ముందు మెట్టైన డీకన్ పట్టానికి వచ్చే ఏడు కొడుకు వేసుకునే అంగీ. కోపమొస్తే ఆయన మాట్లాడడు, మిషన్ వేగం పెంచుతాడు. పొద్దుట్నుంచీ మిషన్ పరుగు పెడుతూనే ఉంది.

“ఏమండీ, మీరేమంటారు?”

“నన్ను మధ్యలోకి లాగకు.”

“మీరు మధ్యలోనే ఉన్నారు. ఇల్లంతా మీ మిషన్ చప్పుడే.”

ఆయన కాలు ఆపాడు. దారం పంటితో తెంపాడు.

“వాడికి పట్టం అయిపోయాక ఎక్కడ వేస్తే అక్కడికి పోతాడు. మనింటి మనిషిగా వాడు అడిగే ఆఖరి కోరిక ఇదే అనుకో. ఇచ్చెయ్యి. నీ చదువు ఎక్కడికి పోతుంది? పై ఏడు వెళ్దువుగాని.”

“నా చదువు ఎక్కడికీ పోదు. ఆ ముసలమ్మలు పోతారు.”

ఆయన తల దించుకున్నాడు. ఏ ముసలమ్మలని అడగలేదు.

జ్ఞానస్నానం అందకముందే పసికందులు పోతే, వెనకటి రోజుల్లో వాళ్లకి సమాధుల తోట గోడ లోపల చోటుండేది కాదు. గోడ అవతల పెట్టేవారు. ఫాదర్ వచ్చేవాడు కాదు, ప్రార్థన ఉండేది కాదు. ఇప్పుడు క్రైస్తవ తిరుసభ ఆ బిడ్డల్ని దేవుడి దయకి అప్పగిస్తుంది, వాళ్ల గురించి ఆశ పెట్టుకోమంటుంది. కానీ ఆ పాత మాటే చెవుల్లో పడి ఇళ్లకి వెళ్లిన తల్లులు? ప్రార్థన లేని చోట వాళ్లంతట వాళ్లే ఏదో ఒక ప్రార్థన కట్టుకున్నారు. టీచరమ్మ డాక్టరేటు ఆ ప్రార్థనల మీదే. సిస్టరు వాళ్ల ఊళ్లో అలాంటి తల్లులు ఇంకా కొందరు మిగిలున్నారు. మాట్లాడతామన్నారు. వాళ్ల వయసు మాత్రం పై ఏటిదాకా ఆగుతానని మాటివ్వలేదు.

“వాళ్లు మనకేమవుతారు?” అన్నాడు భర్త, సూదికేసి చూస్తూ.

“ఏమీ అవరు. బాధ మాత్రం మనదే.”

మిషన్ మళ్లీ పరుగెత్తింది.

వాళ్ల మొదటి సంతానం ఆడపిల్ల. పొద్దున పుట్టి సాయంత్రానికి పోయింది. టీచరమ్మకి అప్పుడు ఒళ్లు తెలియని జ్వరం. తెలివొచ్చేసరికి పక్కలో బిడ్డ లేదు. “పెట్టి వచ్చాను” అన్నాడాయన. అలాంటి పిల్లల్ని ఎక్కడ పెడతారో అందరికీ తెలుసు కాబట్టి ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ తర్వాత చాన్నాళ్లకి కొడుకు పుట్టాడు. ఆ ఊసు ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

*

పెరట్లో టీచరమ్మతో కలిసి దుప్పటి జాడిస్తూ ఉండగా సిస్టరు ఫోను మోగింది. తెరమీద ముడతలు పడిన మొహం ఒకటి మరీ దగ్గరగా, సగం నుదురూ ఒక కన్నూ మాత్రమే కనపడేటట్టు వచ్చింది.

సిస్టరు తన భాషలో గబగబా మాట్లాడి, ఫోను టీచరమ్మ వైపు తిప్పింది.

“ఈమె మా ఊరి అవ్వ. మిమ్ములను చూడగోరుచున్నది.”

అవ్వ ఏదో అంది. సిస్టరు జాగ్రత్తగా తెలుగులో పెట్టింది.

“ఉపాధ్యాయిని ఎప్పుడు వచ్చునని అడుగుచున్నది. తనకు తొందర ఏమియు లేదట. తన గుండెకు మాత్రమే తొందర ఉన్నదట.”

టీచరమ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి తెర మీది కన్ను కూడా నవ్వింది.

“ఇక్కడ ఇంట్లో చిన్న గొడవగా ఉందని చెప్పండి సిస్టరూ.”

సిస్టరు చెప్పింది. అవ్వ పెద్దగా ఏదో అంది.

“గొడవ లేని ఇంటి నుండి వచ్చు స్త్రీతో తనకు మాటలు కుదరవట.”

తర్వాత అవ్వ గొంతు తగ్గించింది.  సిస్టరు చేతిలో దుప్పటి కొసని బకెట్లోకి దించింది.

“గతించిన మీ బిడ్డను గూర్చి నేను చెప్పియుంటిని. ఆ బిడ్డ పేరు అడుగుచున్నది.”

టీచరమ్మ చేతులు తడిగా ఉన్నాయి. తుడుచుకుంది.

“పేరు పెట్టలేదని చెప్పండి. పెట్టేంత టైము ఇవ్వలేదు.”

అవ్వ తలూపింది. ఆమె చెప్పింది విని సిస్టరు కళ్లు నీళ్లతో మెరిశాయి.

“తాను తన బిడ్డకు రహస్యముగా పేరు పెట్టినదట. భర్తకును చెప్పలేదట. మీరు వచ్చినచో మీకు చెప్పునట.”

ఫోను పెట్టేశాక ఇద్దరూ దుప్పటి చెరో కొస పట్టుకుని పిండారు. నీళ్లు కారడం ఆగాక టీచరమ్మ వెనకగదివైపు నడిచింది.

*

ఈసారి తట్టలేదు. తోసింది. గడియ లేదు. పొద్దుట్నుంచీ లేదేమో కూడా.

కొడుకు మంచం మీద గోడకి చేరగిలబడి ఉన్నాడు. టీ తాగాడు, రొట్టె సగం తిన్నాడు. అది చూసి ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది కానీ మొహంలో కనపడనివ్వలేదు.

“మాట్లాడుకుందామా?”

“మాట్లాడ్డానికి ఏముందమ్మా? నువ్వు లేదన్నావుగా.”

“నేను లేదన్నాను. ఎందుకు కావాలో నువ్వు చెప్పలేదు.”

“చెప్పాలా? నా క్లాసువాళ్లంతా నన్నేమంటారో తెలుసా? ‘ఈ వ్యాసం నువ్వు రాశావా, మీ అమ్మ రాసిందా’ అంటారు. సెమినార్లో నువ్వు చెయ్యెత్తగానే అందరూ నావైపు చూస్తారు. నువ్వు ప్రొఫెసర్‌ని వదలవు. ఒక ప్రశ్న, దాని మీద ఇంకో ప్రశ్న. నాకు బల్లకింద దూరాలనిపిస్తుంది.”

“నా ప్రశ్నలు తప్పా?”

“తప్పని ఎవరన్నారు? అన్నీ కరెక్టే. అదే బాధ.”

ఆమె మంచం అంచున కూర్చుంది. ఇంత చిన్న కష్టాన్ని వాడు ఇన్నాళ్లూ ఇంత పెద్దగా మోశాడా అనిపించింది.

“సరే. నేను వెళ్లిపోతే ఆ బాధ ఏడాదిపాటు ఉండదుగా. నువ్వెందుకు వెళ్లాలి?”

వాడు పళ్లెం మంచం కిందకి తోశాడు.

“అక్కడ ఏ ప్రొఫెసర్ దగ్గర చదువుదామనుకున్నావు?”

“ఎవరో ఒకరు ఉంటారు.”

“ఏ సబ్జెక్టు?”

“వెళ్లాక చూసుకుంటాను.”

పాఠం చదవకుండా క్లాసుకొచ్చిన పిల్లల్ని ఎంతమందిని చూసిందో ఆమె. వాళ్ల చూపు ఎప్పుడూ కిటికీ మీదుంటుంది. కొడుకు చూపు కిటికీ మీదే ఉంది.

“నువ్వు అక్కడికి చదవడానికి వెళ్లట్లేదు” అంది మెల్లగా. “ఇక్కణ్ణుంచి పోవడానికి వెళ్తున్నావు.”

ముందుగదిలోంచి మిషన్ చప్పుడు తెరలు తెరలుగా వస్తోంది. కొడుకు ఆ చప్పుడు మీదే చెవి పెట్టాడు. ఆగింది. మళ్లీ మొదలయ్యాక, తండ్రికి వినపడదన్న ధీమాతో నోరు విప్పాడు.

“నాకు పట్టం వద్దేమో అమ్మా.”

ఆమె వాడివైపు పూర్తిగా తిరిగింది.

“దేవుడి మీద కోపం కాదు. ఎవరూ నన్నేమీ అనలేదు. పొద్దున్నే పూజలో కూర్చుంటే అందరూ వేరే ఎక్కడో ఉన్నట్టూ, నేనొక్కణ్ణే బెంచీ మీద ఉన్నట్టూ అనిపిస్తుంది. ఎన్నాళ్లనుంచో. ఏడాది దూరంగా ఉంటే తెలుస్తుందనుకున్నా. తిరిగి రాకపోయినా... అక్కణ్ణుంచి ఫోన్లో చెప్పెయ్యొచ్చు అనుకున్నా. నాన్న మొహం చూడకుండా.”

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు. నువ్వు నాన్నకి చెప్పకు. ప్రమాణం చెయ్యి.”

“ప్రమాణాలెందుకు? నేను చెప్పను. చెప్పాల్సింది నేను కాదు కాబట్టి చెప్పను.” ఆమె లేచింది. వాడి తలమీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచింది. “నీకు పట్టం వద్దంటే నాకు ఆకాశం విరిగి పడదు. నువ్వు ఫాదరైనా నా కొడుకువే, కాకపోయినా నా కొడుకువే. కానీ సీటు మాత్రం ఇవ్వను.”

వాడు తలెత్తాడు. “ఇంత విన్నాక కూడానా?”

“విన్నాకే. నిన్నటిదాకా కొంచెం ఊగిసలాడాను కూడా. ఇప్పుడు లేదు. నాకోసం కొందరు అక్కడ ఎదురుచూస్తున్నారు. నీకోసం అక్కడ ఎవరూ ఎదురుచూడట్లేదు నాన్నా. నీకోసం ఎదురుచూసే మనిషి ముందుగదిలో కూర్చుని నీ అంగీకి కాజాలు కుడుతున్నాడు. నువ్వు చెయ్యాల్సిన ప్రయాణం ఆ గదిదాకానే.”

“నా వల్ల కాదమ్మా.”

“అయితే ఇంకో రోజు చెయ్యి. నా టికెట్టు మీద మాత్రం కాదు.”

బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.  ముందుగదిలోంచి నడవాలి, వేరే దారి లేదు. భర్త తలెత్తి చూశాడు. “తిన్నాడా?” అని మాత్రం అడిగాడు.

“సగం తిన్నాడు” అంది ఆమె. అది నిజమే.

*

డీన్ ఫాదర్ గది బయట వరండాలో డాక్టరేటు వాళ్లంతా ఉన్నారు. వారానికోసారి లైబ్రరీలో ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకరి పేజీలు ఒకరు చదివి చీల్చి చెండాడుకునే బృందం అది. ఏ దేశం వాళ్లు ఆ దేశం భాషలో ప్రార్థన చేస్తారు, తిట్టుకోవడం మాత్రం అందరికీ అర్థమయ్యే భాషలోనే. ఇవాళ ఎవరి చేతుల్లోనూ కాయితాలు లేవు. ఆమె వెళ్తుంటే గడ్డం డీకన్ లేచి నిలబడ్డాడు. పెళ్లయినవాళ్లకీ పట్టం ఇచ్చే తూర్పు రీతి క్రైస్తవుడు, పెళ్లయినవాడు, నలుగురు ఆడపిల్లల తండ్రి.

“మా ఇంట్లో అయిదుగురు ఆడవాళ్లు టీచరమ్మా. ‘లేదు’ అనే మాట ఎలా అనాలో వాళ్లదగ్గర బాగా విన్నాను. గట్టిగా అనక్కర్లేదు. రెండోసారి అడిగినప్పుడు కూడా అదే అంటే చాలు.”

లోపల డీన్ ఫాదర్, ఆయన పక్కన సెమినరీ పెద్ద, రెక్టర్ ఫాదర్. గోడవైపు కుర్చీలో సెమినరీలో రోజూ వేసుకునే తెల్లంగీతో కొడుకు. ఎప్పుడొచ్చాడో, ఎలా వచ్చాడో. సిస్టరు ఆమె పక్కనే కూర్చుంది. డీన్ గొంతు సవరించుకున్నాడో లేదో, తలుపు తోసుకుని వదిన వచ్చింది. వెనకాలే, రెక్క పట్టుకుని లాక్కొచ్చినట్టున్న ఆవిడ తమ్ముడు, టీచరమ్మ భర్త. ఆయన చొక్కా భుజం మీద తెల్లదారం పోగు అంటుకుని ఉంది.

“పిలవని పేరంటానికి వచ్చామనుకోకండి ఫాదర్. పిల్లాడి తరఫున మాట్లాడేవాళ్లు ఒకళ్లు ఉండాలిగా” అంది వదిన. పూజలో మొదటి పాట ఎత్తుకునే గొంతు అది. బయట వరండాదాకా వినపడింది.

డీన్ ఫాదర్ కుర్చీలు చూపించాడు. రెక్టర్ ఫాదరే మొదలుపెట్టాడు. మంచివాడు, మాట మెత్తన.

“టీచరుగారూ, మీ అర్హత గురించి ఎవరికీ అనుమానం లేదు. కానీ రేపు మందని కాయాల్సినవాడు అతను. నాలుగు దేశాలు చూస్తే తిరుసభకే లాభం. మీరు తల్లి. మరియతల్లి దేవుడికి సరే అన్నట్టు మీరూ ఒక్క మాట అంటే...”

“మరియతల్లి సరే అన్నది దేవుడు అడిగినదానికి ఫాదర్. చుట్టుపక్కలవాళ్లు అడిగినదానికి కాదు.” టీచరమ్మ గొంతు పెంచలేదు. “పైగా కొడుకు కనపడకపోతే ఆవిడ ఇంట్లో కూర్చోలేదు. గుడిదాకా వెతుక్కుంటూ వెళ్లింది. పండితుల మధ్య నిలబడి ‘ఎందుకిలా చేశావు’ అని అడిగింది కూడా.”

డీన్ ఫాదర్ నవ్వు దాచుకోవడానికి కళ్లద్దాలు తీసి తుడిచాడు.

“అంటే మీరు తప్పుకోవట్లేదు.”

“లేదు ఫాదర్.”

“ఇంకోసారి ఆలోచించుకోవడానికి టైము కావాలంటే...”

“లేదు ఫాదర్.”

వదిన కుర్చీలోంచి సగం లేచింది. “వింటున్నారా? రాయి! కన్నకొడుకు పళ్లెం ముట్టకుండా...”

“అత్తా, కూర్చో.”

కొడుకు లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

“అమ్మే వెళ్లాలి. నా పేరు తీసెయ్యండి ఫాదర్. నాకు చదువు కోసం అక్కర్లేదు ఆ సీటు. నేను...” వాడు తండ్రివైపు చూశాడు, చూడలేకపోయాడు, మళ్లీ బలవంతాన చూశాడు. “నాన్నా, వచ్చే ఏడు పట్టం తీసుకోలేను. అసలు తీసుకుంటానో లేదో తెలియదు. సెమినరీ నుంచి కొన్నాళ్లు బయటికి రావాలనుకుంటున్నాను.”

రెక్టర్ ఫాదర్ మొహంలో రంగు మారింది కానీ మాట తొణకలేదు. “కూర్చో బ్రదర్. ఇది మనం విడిగా మాట్లాడుకుందాం. దీనికి ఎవరూ నిన్ను శిక్షించరు.”

వదిన నోరు తెరిచింది. మాట రాలేదు. ఆవిడ జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

టీచరమ్మ భర్త లేచాడు.  డీన్ ఫాదర్‌కి అలవాటు కొద్దీ నమస్కారం పెట్టాడు. కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

“సీటు మీదే టీచరుగారూ” అన్నాడు డీన్ ఫాదర్. “ప్రయాణం ఏర్పాట్లు చూసుకోండి.”

ఆ మాట కోసం ఆమె ఎన్నాళ్లు ఎదురుచూసిందో. ఇప్పుడు సగం విని పరుగున బయటికొచ్చింది.

*

ఆయన నడక ఎప్పుడూ నెమ్మదే. ఇవాళ మాత్రం ఆమె ఆయన్ని అందుకునేసరికి సైకిళ్ల షాపు దాటి, కూడలి దగ్గరికొచ్చేశాడు. పక్కన నడిచింది. 

“నీకు ముందే తెలుసా?” అన్నాడు నడుస్తూనే.

“ఈ పొద్దున తెలిసింది.”

“పొద్దున నా ముందునుంచే నడిచెళ్లావు. తిన్నాడా అని అడిగాను. సగం తిన్నాడన్నావు.”

“వాడు చెప్పాల్సిన మాట నేను చెప్తే వాడు జన్మలో మీ మొహం చూడలేడు. అందుకే చెప్పలేదు. కోపం ఉంటే నా మీద పెట్టుకోండి, వాడి మీద కాదు.”

“నాకెవరి మీదా కోపం లేదు.” ఆయన ఆగాడు. మూసి ఉన్న ఒక షాపు గోడకి చెయ్యి ఆనించుకున్నాడు. “నువ్వు సముద్రాలు దాటి వెళ్లి ఎవరెవరి పిల్లల గురించో అడుగుతావు. మన పిల్ల గురించి నన్నెప్పుడైనా అడిగావా?”

 ఆమెకి ఎన్నో జవాబులు నోటిదాకా వచ్చాయి. మీరు మాట్లాడరు కదా, మీ మిషన్ మాట్లాడుతుంది కదా... కానీ ఆయనన్నది నిజం.

“అడగలేదు” అంది. “ఇప్పుడు అడుగుతున్నాను. పాపని ఎక్కడ పెట్టారు?”

ఆయన ఆమెవైపు చూడలేదు. ఎదురుగా ఉన్న షట్టర్‌కి చెప్తున్నట్టు చెప్పాడు.

“నీకు ఒళ్లు తెలియట్లేదు. ఫాదర్‌కి కబురు పెట్టాను, ఆయన ఊళ్లో లేడు. ప్రాణం మీదికొస్తే ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని చిన్నప్పుడు చెప్పారుగా. ఆసుపత్రి వరండాలో కుళాయి ఉంది. దోసిట్లో నీళ్లు పట్టి తలమీద పోశాను. ఆ మాటలు అన్నాను. తప్పుల్లేకుండా అన్నాను.”

ఆమె షాపు గోడ పట్టుకుంది.

“పోశారా? మరి నాకెందుకు...”

“పోసేటప్పటికి ఊపిరి ఉందో లేదో నాకు తెలియదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. నా చెయ్యే వణుకుతోంది, ఏం తెలుస్తుంది? ఉందని నీకు చెప్తే, అబద్ధమైతే? లేదని చెప్తే, అది అబద్ధమైతే? ఏ ఫాదర్నీ అడగలేదు. కాదంటాడని భయం. గుడ్డలో చుట్టుకుని సమాధుల తోటదాకా వెళ్లాను. గోడ లోపల పెట్టాలా, బయట పెట్టాలా... అక్కడే నిలబడి దేవుడితో అన్నాను. ఇది బతికుండగా పోసిన నీళ్లే అని ఒప్పుకో. ఒప్పుకుంటే నాకు పుట్టే ఇంకో బిడ్డని నీకే ఇచ్చేస్తాను అన్నాను.”

వెనక ఎవరో ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడు. టీచరమ్మ తిరిగి చూసింది.

కొడుకు. తెల్లంగీ మోకాళ్లదాకా ఎత్తిపట్టుకుని ఉన్నాడు. పరుగెత్తుకొచ్చి, దగ్గరికి రాలేక, అక్కడే ఆగిపోయినట్టున్నాడు.

“నన్ను అడక్కుండానే ఇచ్చేశావా నాన్నా?”

“అప్పటికి నువ్వు పుట్టలేదురా.”

 పక్కనుంచి పోతున్న ఆటో హారన్ కొట్టింది. ఎవరూ జరగలేదు.

టీచరమ్మ ఇద్దరి మధ్యకీ వచ్చింది. “మాటిచ్చింది మీరు. నిలబెట్టుకోవాల్సింది వాడా? ఈ సంగతి ఇంట్లో తేలాలి. ఇద్దరూ నడవండి, ముందు ఇంటికి.”

భర్త తల అడ్డంగా ఊపాడు. ఇంటికి వెళ్లే వీధి వదిలేసి అవతలి వైపు తిరిగాడు.

“ఎక్కడికి?”

“ఎక్కడ పెట్టారని అడిగావుగా. చూపిస్తాను పద.” రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి చూడకుండానే అన్నాడు. “వాణ్ణి కూడా రమ్మను. వాడికి అక్క.”

ఆమె కొడుకు వైపు చెయ్యి చాచింది.

కొడుకు కదల్లేదు. ఆమె చెయ్యి దించలేదు.